పాలీప్రాగ్మాటిక్: ఎవరి పనిలో ఎవరు వేలు పెట్టినట్టు?

తనకు సంబంధం లేని విషయాల్లో తలదూర్చే మనిషిని తిట్టడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. బిజీబాడీ, నోజీ, ఇంట్రూసివ్ లాంటివి మనమూ వాడుతూనే ఉంటాం. వాటి పక్కనే, పెద్ద నిఘంటువుల్లో తప్ప ఎక్కడా కనిపించని మాట ఇంకొకటి ఉంది: పాలీప్రాగ్మాటిక్. అలాంటి మనిషి పాలీప్రాగ్మన్. గ్రీకూ లాటినూ చదువుకున్న ఇంగ్లీషు రచయితలు 16, 17 శతాబ్దాల్లో దీన్ని వాడారు, ఆ తర్వాత మెల్లగా మూలన పడింది. అర్థం చెప్పమంటే ఒక్క వాక్యం చాలు: పరుల వ్యవహారాల్లో అతిగా జోక్యం చేసుకునే గుణం. కానీ అక్కడితో ఆగిపోతే అసలు కథ మొత్తం పోతుంది, ఎందుకంటే ఈ మాట పుట్టిన ఊళ్ళో ఇది తిట్టా కాదా అన్నదే పెద్ద రాజకీయ తగాదా, ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ మాటలో రెండు వేర్వేరు పనులు ఒకే ముద్దగా కలిసిపోయాయి. పక్కింటి కిటికీలోంచి తొంగిచూడటం ఒకటి. ఊరి సొమ్ము ఎటు పోయిందని పెత్తందారును అడగడం ఇంకొకటి. రెండూ "నీకు సంబంధం లేని విషయం"లో వేలు పెట్టడమే అని ఒకే గాటన కట్టేస్తే బాగుపడేది ఎప్పుడూ లెక్క చెప్పాల్సినవాడే. ఈ కలగలుపు ఎలా జరిగిందో చూడాలంటే క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దపు ఏథెన్స్‌కి వెళ్ళాలి.

ముందు మాట విడగొడదాం. గ్రీకులో పొలు అంటే అనేకం, ప్రాగ్మ అంటే పని, వ్యవహారం. చెయ్యడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందది, ఇంగ్లీషు ప్రాక్టీస్, ప్రాక్టికల్, ప్రాగ్మాటిక్ అన్నీ ఆ కుదురువే. రెండూ కలిపి పొలుప్రాగ్మొసునే. అక్షరాలా చూస్తే నానా పనులూ నెత్తినేసుకోవడం, అంతే. అందులో "పరుల" అన్న మాటే లేదు! మరి జోక్యం అన్న అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? పెద్దమనిషి అన్నవాడికి తన పని అంటూ ఒక హద్దు ఉంటుంది, పొలం, ఇల్లు, తన వాళ్ళు. ఆ హద్దు దాటి ఏ పని పెట్టుకున్నా అది తనది కానిదే అయ్యుండాలి అన్న లెక్క దీని వెనక ఉంది. హద్దులో ఉండేవాణ్ణి అప్రాగ్మోన్ అన్నారు, అంటే ఏ గొడవా పెట్టుకోనివాడు. సంస్కృతం నుంచి మనకొచ్చిన అన్యాయం, అశాంతి లాంటి మాటల ముందు ఉండే "అ", ఈ గ్రీకు "అ" ఒకే మూలానివి.

ఇప్పుడు ఏథెన్స్ కోర్టుల సంగతి. అక్కడ ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్ల వ్యవస్థ లేదు. ఎవరో ఒక అధికారి ఖజానా సొమ్ము కాజేశాడనుకోండి, అతని మీద కేసు పెట్టేది ఎవరు? "హో బౌలొమెనోస్". ఎవరికి ఇష్టమైతే వాళ్ళు. పౌరుడైతే చాలు, నష్టపోయింది తనే కానక్కరలేదు. ఈ పద్ధతి క్రీ.పూ. ఆరో శతాబ్దం మొదట్లో ఏథెన్స్‌కి చట్టాలు రాసిన సోలన్ పెట్టాడని గ్రీకులు చెప్పుకునేవారు. దెబ్బతిన్నవాడి తరఫున వేరేవాడు కోర్టుకెక్కవచ్చు అన్నది ప్రజాస్వామ్యానికి ఎంత పెద్ద మెట్టో ఆలోచించండి. బలహీనుడు తనంతట తాను బలవంతుడి మీద కేసు వేయలేడు కాబట్టే ఆ తలుపు అందరికీ తెరిచి ఉంచారు.

దీన్ని అడ్డం పెట్టుకుని బతికేవాళ్ళూ తయారయ్యారు, అదీ నిజమే. కొన్ని రకాల కేసుల్లో వసూలైన దాంట్లో సగం కేసు పెట్టినవాడికి దక్కేది కాబట్టి డబ్బున్నవాళ్ళని బెదిరించి గుంజుకునే దళారులు పుట్టుకొచ్చారు. వాళ్ళకి సుకొఫాంతేస్ అని పేరు. ఇంగ్లీషు సికోఫాంట్ ఇదే, కాకపోతే అక్కడ అర్థం ముఖస్తుతి చేసేవాడిగా మారిపోయింది. వీళ్ళని కట్టడి చేయడానికి ఏథెన్స్ ఒక నియమం పెట్టింది. ప్రజా వ్యవహారం మీద కేసు పెట్టినవాడికి జూరీ ఓట్లలో కనీసం అయిదో వంతు రాకపోతే 1000 ద్రాక్మాల జరిమానా. ఆ కాలంలో జూరీలో ఒక రోజు కూర్చుంటే వచ్చేది 3 ఒబోల్‌లు, అంటే అర ద్రాక్మా. ఆ లెక్కన 2000 రోజుల జూరీ కూలి! తలుపు మూయలేదు కానీ, ఊరికే తట్టి పారిపోయేవాడికి మాత్రం గట్టిగా వాత పెట్టారన్నమాట. నాకు ఈ ఏర్పాటు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది.

ఈ తగాదా ఎంత దగ్గరగా నడిచిందో చూడాలంటే అరిస్టోఫనీస్ క్రీ.పూ. 388లో ఆడించిన ప్లూటోస్ అనే ప్రహసనంలో ఒక చిన్న ఘట్టం చాలు. అలాంటి కేసుల దళారి ఒకడు రంగం మీదికి వస్తాడు. నువ్వేం చేసి బతుకుతావయ్యా అని అడుగుతారు. సేద్యమా? కాదు. వర్తకమా? అవసరమైతే అలా చెప్పుకుంటాను. ఏదైనా చేతిపనా? అదీ కాదు. మరి? నగరం పనులూ, జనం పనులూ అన్నీ నేనే చూసుకుంటాను అంటాడు. నీకెందుకయ్యా, నీకేం సంబంధం అంటే, చట్టం ప్రకారం ఇష్టమైనవాడు కేసు పెట్టొచ్చు కదా, ఆ ఇష్టమైనవాణ్ణి నేనే అంటాడు. హాయిగా ఏ పనీ పెట్టుకోకుండా నెమ్మదిగా బతకొచ్చు కదా అని అడిగితే వాడిచ్చే జవాబు: అది గొర్రె బతుకు. అరిస్టోఫనీస్ వాణ్ణి వెక్కిరించడానికే రాశాడు, ప్రేక్షకులు నవ్వే ఉంటారు. అయినా వాడి నోటినుంచి వచ్చిన ఆ వాదన మాత్రం ఏథెన్స్ రాజ్యాంగం చెప్పిన మాటే. దుర్మార్గుడి నోట చట్టం మాట పెట్టడం వల్ల, చట్టాన్ని నమ్మి నిజంగా ముందుకొచ్చినవాడికి కూడా ఆ మసి అంటుకుంది.

ఎందుకిలా అంటున్నానంటే, అదే నగరంలో దీనికి పూర్తి విరుద్ధమైన గొంతు కూడా వినిపించింది. క్రీ.పూ. 431లో స్పార్టాతో యుద్ధం మొదలైంది, మొదటి ఏడాది చనిపోయినవాళ్ళ అంత్యక్రియల్లో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ మాట్లాడాడు. తుసిడిడీస్ చరిత్రలో ఆ ప్రసంగం ఉంది. ప్రజా వ్యవహారాల్లో పాలుపంచుకోనివాణ్ణి మిగతావాళ్ళు అప్రాగ్మోన్ అనుకుంటారేమో, మేం మాత్రం పనికిరానివాడు అంటాం, అన్నది అందులో సారాంశం. పెద్దమనుషులు మెచ్చుకునే సుగుణాన్ని అందరి ముందూ చేతకానితనం కింద జమకట్టాడు. మర్యాదస్తుడు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటాడన్న పాత విలువ మీద అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

అయితే ఏథెన్స్‌ని మరీ నెత్తికెత్తుకోవడానికి లేదు. ఇదే మాట ఆ నగరం మీద బయటివాళ్ళూ వాడారు, న్యాయంగానే వాడారు. ఏథెన్స్ ఒక సామ్రాజ్యం. ఇరుగుపొరుగు ద్వీపాల దగ్గర కప్పం వసూలు చేసేది, వాళ్ళ ప్రభుత్వాలను మార్చేది, ఎదురు తిరిగితే ఓడలు పంపేది. యుద్ధానికి ముందు కొరింథు దూతలు స్పార్టాలో మాట్లాడుతూ, ఈ ఏథెన్స్ వాళ్ళు తాము కుదురుగా ఉండరు, ఇంకొకరిని ఉండనివ్వరు, పుట్టిందే అందుకు అన్నారు. సిసిలీ దండయాత్ర సమయంలో ఏథెన్స్ దూత యుఫెమోస్ కమరీనా పట్టణంలో మాట్లాడుతూ అసలు ఆ తిట్టునే తన సరుకుగా అమ్మజూపాడు. మా పొలుప్రాగ్మొసునే కొందరికి కీడు చేస్తుందేమో కానీ గ్రీకుల్లో చాలామందికి మేలే చేస్తోంది, మీరూ వాడుకోండి అన్నట్టు నచ్చజెప్పాడు. రెండేళ్ళు తిరక్కుండానే, క్రీ.పూ. 413లో, ఆ దండయాత్ర సర్వనాశనంతో ముగిసింది. 1947లో చరిత్రకారుడు విక్టర్ ఎహ్రెన్‌బర్గ్ ఈ ఒక్క మాట మీదే పెద్ద వ్యాసం రాశాడు. లోపల ప్రజాస్వామ్యం, బయట సామ్రాజ్యం, రెండింటి వెనకా ఉన్న కుదురులేనితనం ఈ మాటలో ఎలా ఇమిడిందో విప్పి చూపించాడు.

కాబట్టి జోక్యం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఎవరు ఎవరి మీద చేస్తున్నారు అని అడగాలి. కింది నుంచి పైకి అడిగితే ఒక సంగతి, పై నుంచి కిందికి చెయ్యి పెడితే ఇంకో సంగతి.

తత్వవేత్తల దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకా చిక్కుపడింది. ప్లేటో రిపబ్లిక్ నాలుగో భాగంలో న్యాయం అంటే ఏమిటో తేల్చే చోట, ఎవరి పని వాళ్ళు చేసుకోవడం, పొలుప్రాగ్మొసునే జోలికి పోకపోవడం అదే న్యాయం అన్న సూత్రం వస్తుంది. చెప్పులు కుట్టేవాడు చెప్పులే కుట్టాలి, పాలించేవాడే పాలించాలి. ఒకరి పనిలోకి ఇంకొకరు వస్తే రాజ్యం కూలిపోతుంది. ఎవరి కులవృత్తి వాళ్ళు చేసుకోవాలి అనే మాట తరాల తరబడి వింటూ పెరిగిన మనకు ఈ వాదన ఎటు పోతుందో విడమరిచి చెప్పక్కరలేదు. ఇక్కడ ఆ తిట్టుకు తత్వశాస్త్రం అండ దొరికింది.

కానీ అదే ప్లేటో తన గురువు సోక్రటీస్ విచారణ గురించి రాసినప్పుడు ఏం రాశాడు? క్రీ.పూ. 399లో, డెబ్బై ఏళ్ళ వయసులో సోక్రటీస్ కోర్టులో నిలబడ్డాడు. తన మీద ఎప్పటినుంచో ఉన్న ఆరోపణని తనే నేరపత్రంలా చదివి వినిపిస్తాడు: సోక్రటీస్ తప్పు చేస్తున్నాడు, భూమి కిందివీ ఆకాశంలోవీ వెతుకుతూ అక్కరలేని పనులు పెట్టుకుంటున్నాడు. ఇంకొంచెం ముందుకు వెళ్ళాక, నేను ఇంటింటికీ తిరుగుతూ ఒక్కొక్కరికీ సలహాలు చెబుతూ తలదూరుస్తుంటాను, సభలోకి వచ్చి మాత్రం మాట్లాడను, ఇది మీకు వింతగా ఉండొచ్చు అంటాడు. అక్కడ వాడిన క్రియ సరిగ్గా ఇదే. మరణశిక్ష పడే కేసులో నిలబడి, అవును నేను చేసేది అదే అని ఒప్పుకున్నాడు. ఎవరి పని వాళ్ళు చూసుకోవాలన్న సూత్రాన్ని ఏథెన్స్ అక్షరాలా పాటించి ఉంటే మనకి సోక్రటీస్ ఉండేవాడే కాదు.

ఇంతవరకూ ఇది వీధి మాట, కోర్టు మాట, సభ మాట. దీన్ని ఇంటి గుమ్మం దగ్గరికి తెచ్చినవాడు ప్లూటార్క్. క్రీ.శ. ఒకటో శతాబ్దం నడిమికల్లా గ్రీసు రోమన్ల చేతిలో ఉంది, చిన్న పట్టణాల పౌరులకు పెద్ద రాజకీయం అంటూ మిగల్లేదు. ఖైరోనియా అనే అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన ప్లూటార్క్ ఈ మాటనే పేరుగా పెట్టి ఒక వ్యాసం రాశాడు. అందులో పొలుప్రాగ్మొసునేకి ఇచ్చిన నిర్వచనం గుర్తుపెట్టుకోదగ్గది: ఇతరుల కష్టాలు తెలుసుకోవాలన్న తపన. మంచి వార్త కోసం ఎవడూ చెవి ఒగ్గడు, ఎవరింట్లో గొడవ, ఎవరికి అప్పు, ఎవరి కూతురి సంగతి ఏమిటి, ఇవి కావాలి.

ఆ వ్యాసం ఇప్పుడు చదివినా ఎంత తాజాగా ఉంటుందో. వైద్యులు ఒంటికి బుడ్డీలు అతికిస్తే అవి చెడ్డ రక్తాన్నే లాగినట్టు, ఇలాంటివాళ్ళ చెవులు చెడ్డ మాటలనే లాక్కుంటాయి అంటాడు. లామియా అనే రాక్షసి ఇంట్లో ఉన్నప్పుడు కళ్ళు తీసి కుండలో పెట్టుకుని నిద్రపోతుందట, బయటికి వెళ్ళేటప్పుడే తగిలించుకుంటుందట. మనమూ పక్కవాళ్ళ తప్పులు చూడటానికే కళ్ళు పెట్టుకుంటాం అంటాడు. గుడ్డ కప్పి ఏదో మోసుకుపోతున్న ఈజిప్టు మనిషిని అందులో ఏముందని అడిగితే, అది తెలియకూడదనే కప్పాను అన్నాడట. సరుకుల మీద సుంకం వసూలు చేసేవాళ్ళు మన మూటలు విప్పి వెతికితే మనకి ఒళ్ళు మండుతుంది కదా, వాళ్ళకైనా చట్టం ఆ పని అప్పజెప్పింది, వీళ్ళకి ఎవరు అప్పజెప్పారు అని నిలదీస్తాడు.

జబ్బు చెప్పి వదిలేయలేదు, చికిత్స కూడా రాశాడు, నాకు అందులో అన్నిటికంటే నచ్చింది అదే. దారి పక్కన సమాధుల మీద రాసినవి చదవకుండా నడిచి వెళ్ళడం అలవాటు చేసుకో. తలుపు తెరిచి ఉన్న ఇంటి ముందు నుంచి వెళ్తూ లోపలికి చూడకు. ఉత్తరం రాగానే పళ్ళతో ముడి కొరికి చింపకు, కాసేపు ఆగు. దీనికి కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్పాడు. రోములో తను ఉపన్యాసం ఇస్తుంటే శ్రోతల్లో రుస్టికస్ అనే ప్రముఖుడు ఉన్నాడు. మధ్యలో ఒక సైనికుడు వచ్చి చక్రవర్తి దగ్గర్నుంచి ఉత్తరం చేతికిచ్చాడు. సభ నిశ్శబ్దమైపోయింది, చదువుకోనిద్దామని ప్లూటార్క్ కూడా ఆగాడు. రుస్టికస్ విప్పలేదు. ఉపన్యాసం అయిపోయి జనం కదిలాకే ముద్ర తీశాడు. ఆ చక్రవర్తి డొమిషియన్, తర్వాతి రోజుల్లో ఈ రుస్టికస్‌నే చంపించాడు. ఫోన్ టింగుమంటే చాలు మాట మధ్యలో ఆపేసి చూసే మనం ఆ ఉత్తరాన్ని ఒకసారి తలుచుకోవాలి.

ప్లూటార్క్ మీద నాకు గౌరవం ఎక్కువే, అయినా ఇక్కడ ఒక మార్పు జరిగిపోయింది. అధికారిని నిలదీసే పౌరుడి మీద వాడిన మాట, పక్కింటి గోడ దగ్గర చెవి పెట్టేవాడి మీదికి మారింది. తర్వాతి యుగాలకు ఎక్కువగా అందింది ఈ రెండో అర్థమే. ఎవరైనా పొలుప్రాగ్మోన్ అంటే చదువుకున్నవాళ్ళ మనసులో మెదిలేది ప్లూటార్క్ గీసిన ఆ తొంగిచూసే మనిషే.

లాటిన్‌లోకి ఈ మాట సరిగ్గా దిగలేదు. రెండో శతాబ్దంలో ఔలుస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత ఒక ముచ్చట రాసిపెట్టాడు. ప్లూటార్క్ పుస్తకం అప్పుడే చదివాడు, గ్రీకు రాని ఒకాయన అది దేని గురించి అని అడిగితే, పని అన్న మాట నుంచి అప్పటికప్పుడు ఒక లాటిన్ మాట అల్లి చెప్పాడు. ఆయన వెంటనే, ఓహో, చురుగ్గా పనులు చక్కబెట్టుకోమని బోధించే పుస్తకమన్నమాట, మంచి గుణమే అన్నాడట! అది పొరపాటే కానీ, మాట పుట్టుకలో ఉన్న మంచి అర్థం ఆయన చెవికి చటుక్కున వినబడింది.

రోము నుంచే ఇంకో సంగతి. "నేను మనిషిని, మనుషులకు సంబంధించినది ఏదీ నాకు పరాయిది కాదు" అన్న వాక్యం ఎన్నో గోడల మీద, ఎన్నో ఉపన్యాసాల్లో చూసి ఉంటారు. క్రీ.పూ. 163లో టెరెన్స్ రాసిన నాటకంలోది అది. దాని ముందు మాట మాత్రం ఎవరూ చెప్పరు. ఒక ముసలాయన పొద్దస్తమానం పొలంలో ఒళ్ళు హూనం చేసుకుంటుంటాడు. పక్క పొలం క్రెమెస్ వచ్చి ఎందుకయ్యా ఇంత కష్టపడుతున్నావు అని ఆరా తీస్తాడు. నీకు సంబంధం లేని విషయాలు పట్టించుకునేంత తీరిక ఉందా నీకు అని ముసలాయన విసుక్కుంటాడు. దానికి జవాబు ఆ వాక్యం. మానవత్వానికి జెండాగా మారిన ఆ మాట, పక్కవాడి విషయంలో వేలు పెట్టినవాడు తనని తాను సమర్థించుకుంటూ అన్నది.

ఇంగ్లీషులో దీని దగ్గరి చుట్టం ప్రాగ్మాటికల్. ఇప్పుడు ప్రాగ్మాటిక్ అంటే ఆచరణ తెలిసినవాడు, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో చెప్పుకునే సుగుణం. 17వ శతాబ్దంలో అదే కుటుంబపు మాట తగుదునమ్మా అని అన్నిట్లో దూరేవాడికి తిట్టు. బైబిల్ వల్ల బిజీబాడీకి ఎక్కువ ప్రచారం వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో పేతురు మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో హంతకుడు, దొంగ, దుర్మార్గుడు, ఆ వరసలోనే బిజీబాడీ. మన తెలుగు బైబిల్లో అక్కడ "పరుల జోలికి పోవువాడు" అని ఉంటుంది. హంతకుడి సరసన నిలబెట్టారంటే ఎంత తీవ్రంగా చూశారో తెలుస్తుంది. ఈ తిట్టును ఎదురు తిప్పినవాళ్ళూ ఉన్నారు. 1729లో ఫిలడెల్ఫియాలో కుర్రవాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక వారపత్రికలో బిజీబాడీ అన్న కలం పేరుతో రాయడం మొదలుపెట్టాడు. అందరి పని అంటే ఎవరి పనీ కాదు, అందుకే అది అలా తగలడుతోంది, ఆ ఎవరిదీ కాని పనిని నేను నెత్తికెత్తుకుంటాను అని మొదటి దాంట్లోనే చెప్పుకున్నాడు.

ఆ వాదన మన దేశంలో కోర్టు భాషలోనే మళ్ళీ వినిపించింది. 1979లో బీహార్ జైళ్ళలో విచారణ కూడా మొదలవకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న ఖైదీల గురించి పేపర్లో చదివి న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్ళారు, హుస్సేనారా ఖాతూన్ కేసు అంటే అదే. ఆ ఖైదీలు ఆమెకు చుట్టాలు కాదు, క్లయింట్లు కాదు. పాత నియమం ప్రకారం ఆమెను "నీకేం సంబంధం" అని గుమ్మంలోనే ఆపేయొచ్చు. ఆపలేదు, వేలమంది బయటికొచ్చారు. 1981 నాటి ఎస్.పి. గుప్తా తీర్పులో జస్టిస్ భగవతి, పేదరికం వల్ల కోర్టుకు రాలేనివాళ్ళ తరఫున సదుద్దేశంతో ఎవరైనా రావొచ్చని స్పష్టంగా రాశారు. ఏథెన్స్ వాళ్ళ ఇష్టమైనవాడు మళ్ళీ కోర్టు మెట్లెక్కాడు. వెనకే పాత భయం కూడా వచ్చింది. 1992లో బోఫోర్స్ వ్యవహారంతో ముడిపడ్డ జనతాదళ్ కేసులో సుప్రీంకోర్టు బిజీబాడీలూ, అక్కరకు లేకుండా దూరేవాళ్ళూ ఈ దారిని పాడుచేస్తున్నారని గట్టిగా మందలించింది. ఆ తర్వాత ఎన్నో తీర్పుల్లో ఆ మాటలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. కొన్నిసార్లు పిటిషన్ వేసినవాడికి లక్షల్లో ఖర్చులు కట్టమంటారు. స్వార్థం కోసం వచ్చినవాణ్ణి అలా ఆపడం సబబే. నా బాధల్లా నిజాయితీగా వచ్చినవాడి మీద కూడా ప్రభుత్వ లాయర్లు మొదట విసిరే రాయి అదే అవుతోందని.

2005 సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ రెండో ఉపవిభాగం ఈ ముడిని ఒక్క వేటుతో తెంచింది: సమాచారం అడిగినవాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్పనక్కరలేదు, సంప్రదించడానికి కావలసిన వివరాలు తప్ప ఇంకేమీ అడగకూడదు. మండల ఆఫీసు గుమ్మంలో "నీకెందుకయ్యా ఇదంతా" అని ఎవరైనా అంటే, ఆ ప్రశ్న వేసే అధికారమే వాళ్ళకి లేదు. పన్నెండేళ్ళ తర్వాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చారు. అక్కడ మాత్రం పౌరుడి జీవితంలోకి తొంగిచూడాలంటే కారణం చెప్పుకోవాల్సింది ప్రభుత్వమే. చట్టం దన్ను ఉండాలి, తగిన అవసరం ఉండాలి, అవసరానికి మించి చెయ్యి చాచకూడదు.